జీర్ణాశయ క్యాన్సర్‌లో లింఫు గ్రంథులు: రోగులూ బంధువులూ తరచుగా అడిగే ప్రశ్నలు

జీర్ణాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన కొద్ది రోజులకు ఒక కాగితం చేతికొస్తుంది. అందులో ఎక్కడో మధ్యలో ‘24 గ్రంథుల్లో 3 పాజిటివ్, మిగతావి రియాక్టివ్ హైపర్‌ప్లేసియా’ అని ఒక వాక్యం ఉంటుంది. ఇంట్లో అందరి కళ్లూ ఆ 3 మీదే నిలుస్తాయి. ఆ కాగితాలు రాసే పాథాలజీ బల్ల దగ్గరే నా ఉద్యోగం గడిచింది. పక్కనున్న 24కూ, ‘రియాక్టివ్’ అన్న ఆ ఒక్క మాటకూ ఎంత అర్థముందో చెప్పేవాళ్లు లేక కుటుంబాలు కలవరపడటం చాలాసార్లు చూశాను. అందుకే వాళ్లు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. చికిత్స గురించిన నిర్ణయం మాత్రం రోగిని దగ్గరుండి చూస్తున్న వైద్యులదే.

లింఫు గ్రంథి అంటే మనం ‘బిళ్ల’ అనేదేనా?

అదే. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే రెండు రోజుల్లో గజ్జల్లో బిళ్ల కడుతుంది. గొంతు నొప్పి వస్తే దవడ కింద కడుతుంది. ముల్లు పాదంలో ఉంటే బిళ్ల గజ్జల్లో ఎందుకు కట్టిందని మన పెద్దవాళ్లు ఆశ్చర్యపోలేదు, పాదం బాగుపడితే అదే తగ్గుతుందని వాళ్లకు తెలుసు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని శోషరస గ్రంథి అంటారు. శరీరంలో ఇవి సుమారు 600 ఉంటాయి. కణజాలం నుంచి ఊరే పలుచని ద్రవం సన్నని నాళాల గుండా వీటిలోకి చేరి, వడకట్టినట్టై, చివరికి రక్తంలో కలుస్తుంది.

జీర్ణాశయానికీ ఇలాంటి గ్రంథులున్నాయి. పైకి తడిమితే తగలవు, లోపల రక్తనాళాల వెంట కొవ్వులో దాగి ఉంటాయి. జపాన్ శస్త్రవైద్యులు వీటికి వరుసగా నంబర్లు ఇచ్చారు: జీర్ణాశయం చిన్న వంపు వెంట ఉన్నవి 3, పెద్ద వంపు వెంట ఉన్నవి 4, ప్లీహం మొదట్లో ఉన్నవి 10, బృహద్ధమని పక్కన ఉన్నవి 16. మీ రిపోర్టులో ‘స్టేషన్ 7’, ‘స్టేషన్ 8ఏ’ అని కనిపిస్తే అవి ఈ చిరునామాలే.

సీటీ స్కాన్‌లో గ్రంథులు ఉబ్బాయని రాశారు. క్యాన్సర్ పాకినట్టేనా?

అలా అనుకోనక్కర్లేదు. స్కాన్‌కు కనిపించేది ఆకారం, పరిమాణం. గ్రంథి ఎందుకు ఉబ్బిందో దానికి తెలియదు. జీర్ణాశయంలో పుండు పడిన కణితి ఉంటే అక్కడ సూక్ష్మజీవులు చేరతాయి, వాపు ఉంటుంది, ఆ చెత్తంతా గ్రంథికి చేరుతుంది. గజ్జల్లో బిళ్ల కట్టినట్టే ఇక్కడా కడుతుంది. ఆపరేషన్‌లో తీసిన శనగగింజంత గ్రంథిని కోసి చూస్తే క్యాన్సర్ కణం ఒక్కటీ ఉండదు. దాని పక్కనే ఉన్న ఆవగింజంత గ్రంథిలో ఉంటుంది. ఇది మేం తరచుగా చూసే సంగతే. అందుకే స్కాన్ చెప్పే దశ అంచనా మాత్రమే. ఆపరేషన్ తర్వాత మైక్రోస్కోపు చెప్పేదే అసలు దశ.

దీనికి రెండో వైపు కూడా ఉంది. స్కాన్‌లో గ్రంథులేవీ ఉబ్బలేదు కాబట్టి పాకలేదని నిశ్చింతగా ఉండటానికీ లేదు.

గ్రంథి లోపల రోగనిరోధక వ్యవస్థ ఏం చేస్తుంది?

కణితి దగ్గర డెండ్రైటిక్ కణాలు అనే కొమ్మల్లాంటి చేతులున్న కణాలు తిరుగుతుంటాయి. చచ్చిన క్యాన్సర్ కణాల ముక్కలను ఏరుకుని, లింఫు నాళం వెంట గ్రంథికి వచ్చి, అక్కడున్న టీ కణాలకు, అంటే దాడి చేసే ఒక రకం తెల్లరక్తకణాలకు, చూపిస్తాయి. లక్షల టీ కణాల్లో ఆ ముక్కను గుర్తుపట్టగలిగింది ఏ కొన్నో ఉంటాయి. అవి దొరికిన వెంటనే విపరీతంగా విభజన చెంది, రక్తంలోకి వెళ్లి, కణితిని వెతుక్కుంటూ బయలుదేరతాయి. మరోవైపు బీ కణాలు గుంపులుగా చేరి, మరింత పదునైన యాంటీబాడీలను తయారు చేసుకుంటాయి. కణితి మీద యుద్ధం కణితి దగ్గరే జరుగుతుందని చాలామంది అనుకుంటారు. సైన్యం తయారయ్యేది మాత్రం గ్రంథిలోనే.

ఈ డెండ్రైటిక్ కణాలను 1973లో గుర్తించి ప్రకటించిన రాల్ఫ్ స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ ప్రకటించారు. ఆయన అప్పటికి మూడు రోజుల ముందే క్లోమ క్యాన్సర్‌తో కన్నుమూశారు. తాను కనిపెట్టిన కణాలతోనే తయారైన టీకాలను తన జబ్బుకు తనమీదే ప్రయోగించుకున్నారు. డెండ్రైటిక్ కణం గురించి రాసిన ప్రతిసారీ నాకు ఆయన గుర్తొస్తారు.

ఆ స్పందన మైక్రోస్కోపులో కనిపిస్తుందా?

కనిపిస్తుంది, అందంగా కూడా కనిపిస్తుంది. రంగులు వేసిన గ్లాసు స్లైడు మీద నిద్రాణంగా ఉన్న గ్రంథి అంతా ఒకే ముదురు ఊదారంగులో, చిన్న చిన్న చుక్కలు అద్దినట్టు ఉంటుంది. పనిలో ఉన్న గ్రంథి అలా ఉండదు. అంచు వెంట గుండ్రని లేత మచ్చలు, ఒక్కో మచ్చ చుట్టూ ముదురు వలయం, చందమామకు గుడి కట్టినట్టు. వాటిని జర్మినల్ సెంటర్లు అంటాం. బీ కణాలు పదును పెట్టుకునే చోటు అదే. వాటి మధ్యనున్న ప్రదేశం వెడల్పయి, అందులో టీ కణాలు కిక్కిరిసి ఉంటే పారాకార్టికల్ హైపర్‌ప్లేసియా. ద్రవం పారే సన్నని కాలువల నిండా మాక్రోఫేజ్‌లనే పెద్ద కణాలు చేరి ఉంటే సైనస్ హిస్టియోసైటోసిస్. రిపోర్టులో ఈ మాటలు కనిపిస్తే కొత్త జబ్బేదో బయటపడిందని కంగారు పడతారు. ఇవి జబ్బు పేర్లు కావు, గ్రంథి మేల్కొని పనిచేస్తోందని చెప్పే పేర్లు.

వీటికీ రోగి ఆయుష్షుకూ సంబంధం ఉందేమోనన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికా పాథాలజిస్టు మారిస్ బ్లాక్ 1950ల్లోనే రొమ్ము క్యాన్సర్, జీర్ణాశయ క్యాన్సర్ రోగుల గ్రంథులను ఈ కంటితో పరిశీలించారు. ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టి ఒక్కో రకంగా లెక్కిస్తుండటంతో, గ్రంథి నిర్మాణాన్ని అందరూ ఒకే పద్ధతిలో వర్ణించేలా 1972లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఒక ప్రతిపాదన వచ్చింది.

అయితే గ్రంథుల్లో స్పందన బాగా ఉంటే ఎక్కువ కాలం బతుకుతారా?

నన్ను ఎక్కువమంది అడిగింది ఇదే. సమాధానం కాస్త పొడుగ్గానే చెప్పాలి.

క్యాన్సర్ చేరని గ్రంథుల్లో జర్మినల్ సెంటర్లు ఎక్కువగా ఉన్నవారు, టీ కణాల ప్రాంతం విస్తరించినవారు, సైనస్‌లు మాక్రోఫేజ్‌లతో నిండినవారు మిగతావారికంటే మెరుగ్గా ఉన్నట్టు చాలా పరిశీలనల్లో కనిపించింది. లింఫోసైట్లు (టీ, బీ కణాలు) తగ్గిపోయి వెలవెలబోయిన గ్రంథులున్నవారి భవిష్యత్తు అంత బాగా కనిపించలేదు. కొన్ని పరిశీలనల్లో మాత్రం తేడా ఏమీ తేలలేదు. మొత్తం మీద మొగ్గు మంచి వైపే ఉందని నా అభిప్రాయం. కానీ ఒక్క మనిషి రిపోర్టు చూసి ‘మీకు ఇన్నేళ్లు’ అని చెప్పేంత బలం దానికి లేదు.

కారణాలున్నాయి. జీర్ణాశయంలో హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియా ఉంటే క్యాన్సర్‌తో సంబంధం లేకుండానే గ్రంథులు ఉబ్బుతాయి, జర్మినల్ సెంటర్లు పుట్టుకొస్తాయి. వయసు మీదపడినవారి గ్రంథులు సహజంగానే చప్పబడి ఉంటాయి. కణితిని ఆనుకున్న గ్రంథి ఒకలా, దూరంగా ఉన్నది మరోలా ఉంటుంది, మరి దేన్ని లెక్కలోకి తీసుకోవాలి? అన్నిటికంటే చిక్కైన సంగతి ఇంకొకటుంది. స్పందించిన గ్రంథి ఉబ్బుతుంది, ఉబ్బిన గ్రంథి మా వేళ్లకు సులభంగా దొరుకుతుంది. అంటే స్పందన బాగున్న రోగి రిపోర్టులో గ్రంథుల సంఖ్య కూడా ఎక్కువగా ఉంటుంది, దశ మరింత సరిగ్గా తేలుతుంది. ఆ రోగి బాగుండటంలో రోగనిరోధక శక్తి పాలెంత, దశ సరిగ్గా తేలడం పాలెంత అన్నది విడదీయడం కష్టం.

అందువల్ల గ్రంథి స్పందన ఇప్పటికీ దశ నిర్ణయంలో భాగం కాదు, దాన్ని బట్టి మందులు మార్చరు. ‘రియాక్టివ్’ అన్న మాటను మీరు మంచి వార్తగానే తీసుకోండి. కనీసం ఆ గ్రంథుల్లో చూసినంతలో క్యాన్సర్ కనిపించలేదన్నమాట.

‘3/24’ అంటే సరిగ్గా ఏమిటి?

ఆపరేషన్ థియేటర్ నుంచి జీర్ణాశయం ఫార్మలిన్ నింపిన డబ్బాలో మా దగ్గరికొస్తుంది. దానికి అంటుకుని గట్టిపడిన పసుపురంగు కొవ్వు ఉంటుంది. ఆ కొవ్వును పలుచని ముక్కలుగా కోసి, వేళ్ల మధ్య నలిపి చూస్తాం. బియ్యంలో రాళ్లు ఏరినంత ఓపిక కావాలి. కొన్ని కందిగింజంత ఉంటాయి, కొన్ని పెసరగింజంత, ఆవగింజంతవి కళ్లకంటే ముందు వేళ్లకే తెలుస్తాయి. ఒక్కోదాన్నీ తీసి, మైనంలో పొదిగి, సన్నని పొరలుగా కోసి, రంగువేసి చూస్తాం. అలా దొరికిన మొత్తం 24. అందులో క్యాన్సర్ ఉన్నవి 3.

క్యాన్సర్ దశను లెక్కకట్టే అంతర్జాతీయ పద్ధతి టీఎన్ఎం ఎనిమిదో ఎడిషన్ ప్రకారం ఒక్క గ్రంథిలోనూ లేకపోతే ఎన్0. ఒకటి లేదా రెండింటిలో ఉంటే ఎన్1, మూడు నుంచి ఆరు వరకు ఎన్2, ఏడు నుంచి పదిహేను వరకు ఎన్3ఏ, పదహారు, అంతకంటే ఎక్కువైతే ఎన్3బీ. పై ఉదాహరణలోని రోగిది ఎన్2. కణితి గోడలోకి ఎంత లోతు దిగిందన్నదాన్నీ ఈ సంఖ్యనూ కలిపి దశ చెబుతారు. దూరప్రాంతాలకు పాకని జీర్ణాశయ క్యాన్సర్‌లో భవిష్యత్తును అంచనా వేయడానికి వీటి కంటే నమ్మదగిన కొలత ఇప్పటికీ మరొకటి లేదు.

మా నాన్నగారికి 0/7 వచ్చింది. సున్నానే కదా, సంతోషించవచ్చా?

సంతోషించండి, కానీ పక్కనున్న 7 గురించి డాక్టరును తప్పకుండా అడగండి. దశను నమ్మకంగా చెప్పాలంటే కనీసం 16 గ్రంథులను పరీక్షించాలన్నది సిఫారసు. 30 అంతకంటే ఎక్కువ దొరికితే మరీ మంచిది. ఏడే చూశారంటే చూడని గ్రంథిలో క్యాన్సర్ ఉండిపోయే అవకాశం ఉంది. కాగితం మీద తక్కువ దశ కనిపిస్తుంది, శరీరంలో అసలు దశ ఎక్కువ ఉండవచ్చు. సరిగ్గా వెతికిన చోట దశలవారీ ఫలితాలు మెరుగ్గా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

సంఖ్య తక్కువ కావడానికి తప్పు ఎవరిదో ఒకరిదే అయి ఉండాలని లేదు. సర్జన్ తక్కువ తీసి ఉండవచ్చు, పాథాలజిస్టు తక్కువ ఏరి ఉండవచ్చు, ముందు ఇచ్చిన కీమోథెరపీతో గ్రంథులు కుంచించుకుపోయి ఉండవచ్చు. నేనైతే ఒకటి చెబుతాను: డబ్బాలో కొవ్వు మిగిలి ఉంటే మళ్లీ వెతకమని అడగవచ్చు. నమూనాను కొన్ని వారాల పాటు దాచి ఉంచుతారు కాబట్టి రిపోర్టు వచ్చిన వెంటనే అడగాలి. మళ్లీ వెతికినప్పుడు మరో పది దొరికిన సందర్భాలు నా చేతుల మీదుగానే జరిగాయి. ఆ అభ్యర్థన విని చిన్నబుచ్చుకునే పాథాలజిస్టు ఉండకూడదు.

రోగనిరోధక సైన్యం గ్రంథుల్లోనే తయారైతే, వాటిని తీసేయడం తప్పు కాదా?

తెలివైన ప్రశ్న. శస్త్రవైద్యులు కూడా దశాబ్దాల పాటు దీని మీద వాదించుకున్నారు.

జీర్ణాశయాన్ని ఆనుకున్న గ్రంథులను మాత్రమే తీస్తే డీ1. దానికి రక్తం తెచ్చే పెద్ద నాళాల వెంట ఉన్నవాటినీ తీస్తే డీ2. జపాన్‌లో డీ2 మొదటి నుంచీ అలవాటు. యూరప్‌లో నమ్మకం కుదరలేదు. నెదర్లాండ్స్‌లో 1989 నుంచి 1993 వరకు రోగులను చేర్చుకుని, 711 మందిలో ఈ రెండింటినీ పోల్చారు. మొదట్లో డీ2 ఓడిపోయినట్టే కనిపించింది: ఆపరేషన్ తాలూకు మరణాలు డీ1లో 4 శాతం, డీ2లో 10 శాతం. అప్పట్లో డీ2 పేరుతో ప్లీహాన్నీ, క్లోమం తోకనూ కూడా తీసేసేవారు, ప్రాణం మీదికి తెచ్చింది ఎక్కువగా అదే. అయినా వాళ్లు రోగులను వదిలిపెట్టలేదు. 15 ఏళ్ల తర్వాత చూస్తే జీర్ణాశయ క్యాన్సర్ వల్ల చనిపోయినవారు డీ1లో 48 శాతం, డీ2లో 37 శాతం. ప్లీహాన్నీ క్లోమాన్నీ కాపాడుతూ చేసే డీ2 నేడు ప్రామాణికం కావడానికి ఆ ఓపికే కారణం.

మరి ఇంకా ఎక్కువ తీస్తే ఇంకా మంచిదా? బృహద్ధమని పక్కనున్న గ్రంథులను కూడా తీసి జపాన్‌వాళ్లే పరీక్షించారు. 523 మందిలో ఐదేళ్ల మనుగడ డీ2తో 69.2 శాతం, అదనపు గ్రంథులూ తీస్తే 70.3 శాతం. తేడా లేనట్టే. ప్లీహాన్ని తీయడం మీద 505 మందిలో చేసిన మరో జపాన్ పరిశోధనలో, పెద్ద వంపును తాకని పైభాగపు కణితులకు ప్లీహాన్ని ఉంచినవారి ఐదేళ్ల మనుగడ 76.4 శాతం, తీసినవారిది 75.1 శాతం. ఉంచడమే మేలని తేలింది. ప్లీహం కూడా రోగనిరోధక అవయవమే, అది లేకపోతే కొన్ని బాక్టీరియా ఇన్ఫెక్షన్లు ప్రాణాంతకమవుతాయి. ఎవరికైనా తప్పనిసరై తీయాల్సివస్తే న్యూమోకాకస్ వంటి టీకాలు వేయించడం మరవకూడదు.

ఇక మీ అసలు భయం. డీ2లో ముప్పై నలభై గ్రంథులు పోయినా శరీరంలో వందల గ్రంథులు మిగిలే ఉంటాయి. జలుబు, టైఫాయిడ్ వంటివాటిని ఎదుర్కొనే శక్తి దాని వల్ల తగ్గదు. కణితికి దగ్గరి గ్రంథులను ఇమ్యూనోథెరపీ (రోగనిరోధక కణాలను క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) అయ్యేదాకా ఉంచితే మందు మరింత బాగా పనిచేస్తుందా అన్నది ప్రయోగశాలల్లో, ఎలుకల్లో గట్టిగా నడుస్తున్న పరిశోధన. ఆపరేషన్‌కు ముందే ఇమ్యూనోథెరపీ ఇవ్వాలన్న ఆలోచనకు అది కొంత ఊతమిచ్చింది. దాన్ని చూసి గ్రంథులు తీయవద్దని సర్జన్‌కు చెప్పడం మాత్రం నేడు ప్రమాదం.

మొదటి దశలో ఉన్నవారికి గ్రంథులు తీయకుండానే చికిత్స చేస్తున్నారట, నిజమేనా?

నిజమే. జపాన్‌లో 5,265 మంది తొలిదశ రోగుల ఆపరేషన్ నమూనాలను పరిశీలించగా, కణితి లోపలి పొరకే పరిమితమైతే గ్రంథులకు చేరింది 2.2 శాతంలోనే. దాని కింది పొరలోకి దిగితే అది 17.9 శాతానికి పెరిగింది. అందుకే లోపలి పొరలోనే ఉన్న, కొన్ని షరతులకు లోబడిన కణితులను ఎండోస్కోపీతోనే ఒలిచి తీసేస్తారు. మన దగ్గర ఈ దశలో దొరికేవారు తక్కువ. నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగి, బరువు తగ్గాక ఎండోస్కోపీకి వస్తారు.

గ్రంథిలో అంత సైన్యం ఉంటే క్యాన్సర్ అక్కడికే వచ్చి ఎలా స్థిరపడుతుంది?

సైన్యం చేతులు కట్టేసి. టీ కణం మీద పీడీ-1 అనే ఒక మీట ఉంటుంది, దాన్ని నొక్కితే టీ కణం వెనక్కి తగ్గుతుంది. సొంత కణజాలం మీద దాడి శ్రుతి మించకుండా ప్రకృతి పెట్టుకున్న కళ్లెం అది. క్యోటోలో తసుకు హోంజో బృందం 1992లో దీన్ని కనిపెట్టింది, ఆయనకూ జేమ్స్ ఆలిసన్‌కూ కలిపి 2018లో నోబెల్ వచ్చింది. క్యాన్సర్ కణాలు, వాటి చుట్టూ చేరిన కణాలు పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌తో ఆ మీటను నొక్కిపెడతాయి. పైగా దాడిని అణచే నియంత్రక టీ కణాలు గ్రంథిలోకి చేరతాయి, డెండ్రైటిక్ కణాలు మొద్దుబారతాయి. మొదట కాలువ అంచున రెండు మూడు క్యాన్సర్ కణాలు కనిపిస్తాయి, తర్వాత చిన్న గుంపు, చివరికి గ్రంథి మొత్తం. నా స్లైడుల్లో ఒకే గ్రంథిలో సగం జర్మినల్ సెంటర్లతో పోరాడుతుంటే మిగతా సగాన్ని క్యాన్సర్ ఆక్రమించి ఉండటం చూశాను.

కణితి నిండా లింఫోసైట్లున్నాయని రాశారు. అది మంచిదా చెడ్డదా?

మంచిదే. 2014లో అమెరికా క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ 295 జీర్ణాశయ కణితులను జన్యుపరంగా నాలుగు రకాలుగా విడదీసింది. వాటిలో రెండు రకాల్లో లింఫోసైట్ల గుంపులు ఎక్కువ. ఒకటి ఎప్‌స్టీన్-బార్ వైరస్ చేరిన కణితి, ఆ 295లో 9 శాతం. రెండోది డీఎన్ఏ తప్పులను దిద్దే యంత్రాంగం చెడిపోయినది, 22 శాతం. దీన్నే ఎంఎస్ఐ-హై అంటారు. తప్పులు పేరుకునే కొద్దీ కణితి వింత వింత ప్రోటీన్లు తయారుచేస్తుంది. టీ కణాలు దాన్ని పరాయిదిగా గుర్తుపట్టడం తేలికవుతుంది. కొన్ని కణితుల గోడలోనే చిన్నచిన్న గ్రంథుల వంటి నిర్మాణాలు, జర్మినల్ సెంటర్లతో సహా, కొత్తగా పుడతాయి. అసలు గ్రంథి దూరంగా ఉందని యుద్ధరంగంలోనే ఒక శిబిరం వెలిసినట్టు. వీటినీ మంచి సూచనగానే చూస్తున్నారు.

ఎంఎస్ఐ-హై అని వచ్చింది. కీమో అక్కర్లేదంటున్నారు, నమ్మవచ్చా?

ఆ మాట వెనుక ఆధారం ఉంది. నాలుగు పెద్ద ట్రయల్స్‌లోని 1,556 మంది వివరాలను కలిపి చూస్తే ఎంఎస్ఐ-హై ఉన్నవారి ఐదేళ్ల మనుగడ 77.5 శాతం, మిగతావారిది 59.3 శాతం. మిగతావారికి కీమో మేలు చేసింది. ఎంఎస్ఐ-హై వారిలో కీమో తీసుకున్నవారి ఐదేళ్ల మనుగడ 75 శాతం ఉంటే, ఆపరేషన్ మాత్రమే జరిగినవారిది 83 శాతం. అయితే వారు కేవలం 121 మంది, అంకెలు చిన్నవి, అందరికీ ఒకే సూత్రం వర్తించదు.

అదే సమయంలో ఈ రకానికి ఇమ్యూనోథెరపీ అద్భుతంగా పనిచేస్తోంది. ఫ్రాన్స్‌లో 32 మందికి ఆపరేషన్‌కు ముందు నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందులు ఇచ్చారు. ఆపరేషన్ జరిగిన 29 మందిలో 17 మంది నమూనాల్లో క్యాన్సర్ కణం ఒక్కటీ మిగల్లేదు. అందుకే నా పట్టుదల ఇది: ప్రతి జీర్ణాశయ క్యాన్సర్ రోగికీ మొదటి బయాప్సీ మీదే ఎంఎంఆర్ పరీక్ష జరగాలి. డీఎన్ఏ తప్పులను దిద్దే యంత్రాంగం చెడిందా, అంటే కణితి ఎంఎస్ఐ-హై రకమా అన్నది తేల్చడానికి నాలుగు ప్రోటీన్లకు రంగువేసి చూసే పరీక్ష అది, ఖర్చు ఇమ్యూనోథెరపీ ఒక్క డోసుతో పోలిస్తే లెక్కలోకి రాదు. అది చేయకుండా నెలలు గడిపిన రోగుల మైనపు బ్లాకులు నా బల్ల మీదికి వచ్చినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

మిగతా రోగులకు ఇమ్యూనోథెరపీ పనిచేయదా?

కొంత పనిచేస్తుంది. ముదిరిన జబ్బులో కీమోకు నివోలుమాబ్ కలిపిన చెక్‌మేట్ 649 ట్రయల్‌లో, పీడీ-ఎల్1 స్కోరు అంటే సీపీఎస్ 5 అంతకంటే ఎక్కువ ఉన్నవారి మధ్యస్థ మనుగడ (సగం మంది దాటిన కాలం) 11.1 నెలల నుంచి 14.4 నెలలకు పెరిగింది. ఆపరేషన్ చేయదగిన దశలో ఫ్లాట్ అనే నాలుగు మందుల కీమోకు దుర్వాలుమాబ్ కలిపిన మ్యాటర్‌హార్న్ ఫలితాలు 2025లో వచ్చాయి. 948 మందిలో రెండేళ్ల నాటికి జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవారు 67.4 శాతం, కీమో మాత్రమే తీసుకున్నవారిలో 58.5 శాతం. మందు ఖరీదు ఎక్కువ. అప్పు చేసేముందు, పొలం అమ్మేముందు మీ రోగి సీపీఎస్ ఎంత, ఎంఎస్ఐ ఏమిటి, దీని వల్ల ఎంత మేలు ఆశించవచ్చు అన్నది డాక్టరును సూటిగా అడగండి. అడగడం మీ హక్కు.

కీమో తర్వాత ఆపరేషన్ అయింది. గ్రంథుల్లో ‘ఫైబ్రోసిస్’ అని ఉంది. అదేమిటి?

మానిన మచ్చ. క్యాన్సర్ ఉన్న చోట కీమో దాన్ని చంపితే ఆ స్థానంలో పీచులాంటి కణజాలం మిగులుతుంది. కణితి ఎంత కరిగిందన్నదానికంటే, కీమో తర్వాత గ్రంథుల్లో క్యాన్సర్ మిగిలిందా లేదా అన్నదే భవిష్యత్తును బాగా చెబుతుందని బ్రిటన్‌లో జరిగిన మ్యాజిక్ ట్రయల్ నమూనాల పరిశీలనలో తేలింది.

రక్తపరీక్షలో న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి ఎక్కువగా ఉంది. గ్రంథుల్లో శక్తి తగ్గినట్టా?

రక్తంలోని ఈ రెండు రకాల తెల్లరక్తకణాల నిష్పత్తి ఎక్కువ ఉన్నవారి ఫలితాలు సగటున తక్కువగా ఉన్నాయని చాలా పరిశోధనలు చెప్పిన మాట నిజం. కానీ పంటినొప్పి వచ్చినా, స్టెరాయిడ్ మాత్ర వేసుకున్నా, ఆపరేషన్ అయిన వారంలో చూసినా అది పెరుగుతుంది. ఒక్క రిపోర్టు పట్టుకుని నిద్ర పాడుచేసుకోవద్దు.

ఎడమవైపు మెడ కింద, కాలర్ ఎముక పైన బిళ్ల కట్టింది. ఇదీ మామూలు బిళ్లేనా?

ఆలస్యం చేయకుండా చూపించండి. పొట్ట నుంచి పైకి వచ్చే ప్రధాన లింఫు నాళం ఎడమ కాలర్ ఎముక దగ్గరే రక్తనాళంలో కలుస్తుంది. అందుకే జీర్ణాశయ క్యాన్సర్ పాకినప్పుడు అక్కడ గట్టిగా, నొప్పిలేకుండా, కదలకుండా ఉండే గ్రంథి కనిపించవచ్చు. జర్మన్ పాథాలజిస్టు రుడాల్ఫ్ విర్కో పేరుతో దాన్ని విర్కో గ్రంథి అంటారు. టీబీ వల్ల కూడా మన దగ్గర మెడలో బిళ్లలు కడతాయి కాబట్టి సూదితో తీసి పరీక్షించాకే ఏదన్నది చెప్పగలం.

ఇమ్యూనిటీ పెంచే పొడులు, కషాయాలు ఇవ్వవచ్చా?

గ్రంథిలోని టీ కణాలు క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా చేసే పొడి ఏదీ లేదు. కొన్ని ఆకు మందులు కాలేయాన్ని దెబ్బతీసి కీమోను ఆపేసే పరిస్థితి తెస్తాయి. ఇమ్యూనోథెరపీలో ఉన్నవారు అసలే జాగ్రత్తగా ఉండాలి. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు కొనండి, కొద్దికొద్దిగా రోజుకు ఆరుసార్లు పెట్టండి. జీర్ణాశయం మొత్తం తీసేసినవారికి ఆహారంలోని బీ12 ఒంటికి పట్టదు, ఆ ఇంజెక్షన్ జీవితాంతం కావాలి. ఇనుము కూడా తరచుగా తగ్గుతుంది.

ఇంట్లో మిగతావాళ్లం ఏం చేయాలి?

హెలికోబాక్టర్ పైలోరీ పరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడండి. ఈ బాక్టీరియాను బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో గుర్తించారు, 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఒకరికి జీర్ణాశయ క్యాన్సర్ వచ్చిందంటే దాన్ని పరీక్షించి మందులతో నిర్మూలించుకోవడం మంచిది. ఎంఎంఆర్ పరీక్షలో లోపం తేలిన కుటుంబాల్లో అది లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్యా కాదా అన్నది కూడా తేల్చుకోవాలి.

రిపోర్టు ఉంటే చాలా, స్లైడులు కూడా తీసుకోవాలా?

రెండూ కావాలి, మైనపు బ్లాకులు కూడా. అవి అగ్గిపెట్టె కంటే చిన్నవి, అందులో మీ రోగి కణితీ గ్రంథులూ ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటాయి. ఇవాళ చేయని ఎంఎంఆర్, పీడీ-ఎల్1, హెర్2, వైరస్ పరీక్షలను మూడేళ్ల తర్వాతైనా వాటి మీద చేయవచ్చు. వేరే ఆసుపత్రికి మారుతున్నప్పుడు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, రోగి పేరూ నమూనా నంబరూ రిపోర్టులోని నంబరుతో సరిపోయాయో అక్కడే చూసుకోండి. ఇంట్లో చల్లని, పొడి చోట, ఎండ తగలని బీరువాలో పెట్టండి. కారు డ్యాష్‌బోర్డు మీద ఒక మధ్యాహ్నం మరచిపోతే మైనం కరిగిపోతుంది. స్లైడులను దూదితో చుట్టి గట్టి డబ్బాలో విడిగా ఉంచండి.